వడ్డీ లేని అప్పుకు దారి వెదికిన న్యాయకోవిదుడు డాక్టర్ హమీదుల్లాహ్

మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఏ మస్జిదులోనైనా జుమా నమాజు ముగిశాక ఇమాము గారి దగ్గర ఆగేవారిని గమనించండి. వుజూ గురించో, నమాజు గురించో అడిగేవారు కొందరే. ఎక్కువమంది అడిగేది డబ్బు గురించే. కొడుకు గల్ఫ్ వీసాకు తెచ్చిన అప్పు, బిడ్డ పెళ్ళికి తెచ్చిన అప్పు, ఆసుపత్రి ఖర్చుకు రోజువారీ ఫైనాన్సు వాళ్ళ దగ్గర తీసుకున్న అప్పు. వడ్డీ హరామని వారికి తెలియక కాదు. ఆ మాట మళ్ళీ చెప్పించుకోవడానికి వారు ఆగరు. వడ్డీ లేకుండా అప్పు ఎవరిస్తారు అన్నదే వారి ప్రశ్న. ముప్ఫై ఏళ్ళుగా మదర్సాలో పాఠాలు చెబుతున్న మాకు కూడా ఈ ప్రశ్న దగ్గర నోరు పెగలదు.

ఇదే ప్రశ్నను ఎనభై, తొంభై ఏళ్ళ కిందట మన హైదరాబాద్‌లోనే ఒక న్యాయశాస్త్ర ఆచార్యులు తలకెత్తుకున్నారు. ఆయన పేరు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్. ఆయన పేరు మేము మొదట విన్నది 1980లలో, మదర్సాలో విద్యార్థులుగా ఉన్నప్పుడు. అట్ట చిరిగిన ‘ఖుత్బాతె బహావల్‌పూర్’ అనే ఉర్దూ పుస్తకం చేతులు మారుతూ మా దాకా వచ్చింది. అది చదివి, రాసినాయన ఏ మిస్రు దేశస్థుడో, లేకపోతే పాకిస్తాన్ పండితుడో అనుకున్నాం. ఆయన మన హైదరాబాదీ అని, జామియా నిజామియా మెట్లు ఎక్కి దిగినవారని మా ఉస్తాదు చెబితే వెంటనే నమ్మలేకపోయాం.

హమీదుల్లాహ్ గారు 1908 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో జన్మించారు. వారిది నవాయితీ కుటుంబం. మద్రాసులో ఖాజీలుగా, గ్రంథకర్తలుగా పేరుపొందిన వంశం. తండ్రి నిజాం ప్రభుత్వ రెవెన్యూ శాఖలో అధికారి. ఇంట్లో ధార్మిక విద్య, బయట దారుల్ ఉలూమ్, ఆ తర్వాత జామియా నిజామియా. అక్కడి నుంచి ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరారు.

ఉస్మానియా అంటే ఈనాటి పిల్లలకు పరీక్షలు, హాస్టళ్ళు, ఉద్యమాలు గుర్తుకొస్తాయి. 1918లో అది ఏర్పడినప్పుడు దాని ప్రత్యేకత వేరు. వైద్యం, న్యాయం, అర్థశాస్త్రం, అన్నీ ఉర్దూలోనే బోధించాలని సంకల్పించిన విశ్వవిద్యాలయం అది. ఇంగ్లీషు పుస్తకాలను ఉర్దూలోకి తేవడానికి దారుత్తర్జుమా అనే అనువాద శాఖను ముందుగానే పెట్టారు. అందువల్ల మదర్సాలో అరబీ చదివిన కుర్రవాడు కూడా ఆధునిక న్యాయశాస్త్రం తరగతిలో కూర్చుని అర్థం చేసుకోగలిగేవాడు. కరీంనగర్, ఆదిలాబాద్ కూడా ఆనాడు హైదరాబాద్ రాజ్యంలో జిల్లాలే గనుక ఆ విశ్వవిద్యాలయం మనది కూడా. హమీదుల్లాహ్ గారు అక్కడే ఎం.ఏ., ఎల్.ఎల్.బి. పూర్తిచేశారు. హిదాయా ఒక చేతిలో, ఐరోపా న్యాయగ్రంథం మరో చేతిలో ఉన్న విద్యార్థి ఆయన.

హిదాయా అంటే మా సంగతి ఒకటి చెప్పాలి. అందులో కితాబుస్సియర్ అనే భాగం ఉంది. యుద్ధం, సంధి, ఖైదీలు, రాయబారులు, పరాయి రాజ్యం నుంచి అభయం పొంది వచ్చే వర్తకులు, వీటికి సంబంధించిన నియమాలన్నీ అందులో ఉంటాయి. మేము దాన్ని పరీక్ష కోసం చదివాం, పరీక్ష కాగానే మరిచిపోయాం. ఈనాటి లోకంతో దానికేం పని అనుకున్నాం. హమీదుల్లాహ్ గారు అదే భాగాన్ని చదివి, ఇది రాజ్యానికి రాజ్యానికి మధ్య నడిచే చట్టం కదా, ఐరోపా వారు అంతర్జాతీయ న్యాయశాస్త్రం అంటున్నది దీన్నే కదా అని గుర్తుపట్టారు.

ఆయనకు మరో అదృష్టం కూడా కలిసివచ్చింది. ఇమాం అబూ హనీఫా (రహ్మ) శిష్యులైన ఇమాం ముహమ్మద్ షైబానీ (రహ్మ) హిజ్రీ 189లో, అంటే క్రీ.శ. 805లో మరణించారు. ఈ విషయం మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం ‘అస్సియరుల్ కబీర్’. దానికి ఇమాం సరఖ్సీ (రహ్మ) వ్యాఖ్యానం చెప్పారు. పాలకుని ఆగ్రహానికి గురై ఏళ్ళ తరబడి చెరలో ఉండి, అక్కడి నుంచే శిష్యులకు చెప్పి రాయించిన గ్రంథాల్లో అదొకటి. ఆ వ్యాఖ్యానాన్ని నాలుగు సంపుటాలుగా అచ్చువేసింది మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్. హిజ్రీ 1335, 1336 సంవత్సరాల్లో, అంటే హమీదుల్లాహ్ గారు ఇంకా బాలుడిగా ఉన్నప్పుడు, ఆ సంపుటాలు వెలువడ్డాయి. లోకమంతా వెదికే పుస్తకం ఆయనకు ఊళ్ళోనే దొరికింది.

ఈ సామగ్రితో ఆయన జర్మనీ వెళ్ళారు. ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయంలో తటస్థత అనే అంశంపై పరిశోధన చేసి 1933లో బాన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. ఇద్దరు కొట్లాడుకుంటున్నప్పుడు మూడో రాజ్యం ఏం చేయవచ్చు, ఏం చేయరాదు అన్నది ఆ పరిశోధనలోని ప్రశ్న. అక్కడి నుంచి పారిస్ వెళ్ళి సోర్బన్‌లో రెండో డాక్టరేటు సాధించారు. దైవప్రవక్త (స) కాలంలో, ఖులఫాయె రాషిదీన్ (రజి) కాలంలో జరిగిన రాయబారాలు, ఒప్పందాలు దాని విషయం. వాటికి సంబంధించిన మూలపత్రాలను ఒక్కొక్కటిగా ఏరి తెచ్చారు. ‘మజ్మూఅతుల్ వసాయిఖిస్సియాసియ్యా’ పేరుతో అరబీలో ఆయన కూర్చిన సంకలనం నేటికీ పరిశోధకుల బల్లమీద ఉండే పుస్తకం.

తిరిగివచ్చి ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించారు. హైదరాబాద్ నుంచి వెలువడే ‘ఇస్లామిక్ కల్చర్’ అనే ఇంగ్లీషు పత్రికలో రాశారు. ‘ముస్లిం కాండక్ట్ ఆఫ్ స్టేట్’ అనే ప్రసిద్ధ గ్రంథం మొదట ఆ పత్రికలోనే ధారావాహికగా వచ్చింది. మదీనాలో దైవప్రవక్త (స) ముహాజిర్లు, అన్సార్లు, యూదులు అందరితో కుదిర్చిన ఒడంబడికను ప్రపంచంలోనే మొదటి లిఖిత రాజ్యాంగమని ఆయన వాదించారు. మొదటిదా కాదా అన్న దానిపై పండితుల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. మాకు మాత్రం ఆ చర్చ కన్నా ఆయన ఆ ఒడంబడికను చదివిన తీరు ముఖ్యంగా కనిపిస్తుంది.

ఆ పత్రంలో తెగల పేర్లు వరుసగా వస్తాయి. ప్రతి తెగ తనవారిలో ఎవరైనా శత్రువు చేతికి చిక్కితే విడిపించే సొమ్మును, తనవారి చేతిలో ఎవరైనా ప్రాణం కోల్పోతే చెల్లించాల్సిన రక్తపరిహారాన్ని అందరూ కలిసి భరించాలన్న నియమం తిరిగి తిరిగి వస్తుంది. చదివేవారికి విసుగు పుట్టించే భాగం అది. హమీదుల్లాహ్ గారు అక్కడే ఆగారు. ఒకడి మీద పడిన పెద్ద భారాన్ని వందమంది కొద్దికొద్దిగా పంచుకోవడమే ఇది గనుక ఇదే బీమా అన్నారు. మదీనాలో ఈనాటి బీమా కంపెనీ లేదు, దాని లాభమూ లేదు. ఉన్నది పరస్పర పూచీ. న్యాయపత్రంలో ఆర్థిక వ్యవస్థను చూడగల కన్ను ఆయనది. ఆయన చదివినది న్యాయశాస్త్రమే, అర్థశాస్త్రంలో పట్టా లేదు. అయినా ఇస్లామీయ అర్థశాస్త్రం అనే మాటను ఇంగ్లీషులో తొలిసారిగా వాడినవారిలో ఆయన పేరే చెబుతారు. 1936లో ‘ఇస్లామిక్ కల్చర్’లో శ్రామికుని స్థానం గురించి ఆయన రాసిన వ్యాసాన్ని అందుకు చూపిస్తారు.

ఆ రోజుల్లో ఉస్మానియాలో ఈ చింతన ఆయన ఒక్కరిదే కాదు. దీనియాత్ శాఖకు పెద్దగా ఉన్న మౌలానా మనాజిర్ అహ్‌సన్ గీలానీ బీహారు నుంచి వచ్చిన దేవ్‌బంద్ పండితులు, హమీదుల్లాహ్ గారికి గురువు కూడా. ఆయన ‘ఇస్లామీ మఆషియాత్’ రాశారు. అర్థశాస్త్ర శాఖకు చెందిన అన్వర్ ఇఖ్బాల్ ఖురైషీ వడ్డీ సిద్ధాంతం మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. ముహమ్మద్ యూసుఫుద్దీన్ ఇస్లాం ఆర్థిక సిద్ధాంతాలపైనే డాక్టరేటు చేశారు. ఒకే విద్యాసంస్థలో మౌల్వీ, వకీలు, అర్థశాస్త్రవేత్త ఒకే ప్రశ్న మీద కూర్చున్నారన్నమాట. ఇప్పుడు మన మదర్సాలో ఫిఖహ్ చెప్పేవారికీ, అదే వీధిలోని డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవారికీ పరిచయం కూడా ఉండదు. ఈ మాట మమ్మల్ని మేము కూడా అనుకుంటున్నదే.

ఇక అసలు సంగతికి వద్దాం. వడ్డీ విషయంలో హమీదుల్లాహ్ గారు నిషేధం దగ్గరే ఆగలేదు. మనిషి అవసరంలో అప్పు చేస్తాడు. అవసరం తీర్చే మరో దారి చూపకుండా నిషేధాన్ని మాత్రమే వినిపిస్తే లాభం లేదని ఆయన అభిప్రాయం. దివ్య ఖుర్ఆన్‌లో తౌబా సూరా జకాత్ ఖర్చుపెట్టవలసిన ఎనిమిది మార్గాలను చెబుతుంది. వాటిలో గారిమీన్, అంటే అప్పుల భారం కింద ఉన్నవారు ఒక వర్గం. పేదలు, అగత్యపరులు వేరుగా ఉండగా వీరి ప్రస్తావన ఎందుకు వచ్చింది? బొత్తిగా లేనివాడికి దానం చాలు. కాస్త ఉండి, కష్టంలో పడినవాడికి కావలసింది అప్పు. గనుక ప్రజాధనం నుంచి వడ్డీ లేని అప్పు ఇచ్చే ఏర్పాటుకు ఈ వాక్యమే ఆధారమని ఆయన అర్థం చేసుకున్నారు. హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో బైతుల్ మాల్ నుంచి అలాంటి అప్పులు ఇచ్చేవారని చరిత్ర నుంచి ఎత్తి చూపారు. ఫిఖహ్ పండితులు గారిమీన్ అన్న మాటకు సాధారణంగా చెప్పే అర్థం ఇంత విశాలం కాదు. అప్పు తీర్చలేనివాడికి తీర్చుకునేందుకు ఇవ్వడం దాకానే వెళతారు. ఈ విషయంలో హమీదుల్లాహ్ గారితో విభేదించే ఉలమా ఉన్నారు, వారి మాటలోనూ బలం ఉంది.

ఆయన వాదన పుస్తకాల మీదే నిలబడలేదు. హైదరాబాద్ నగరంలో 19వ శతాబ్దం చివరి నుంచే వడ్డీ లేని అప్పుల సంఘాలు ఉండేవి. ఖుర్బానీ చర్మాలు అమ్మగా వచ్చిన సొమ్మును మూలధనంగా పెట్టి అప్పులివ్వడం మొదలుపెట్టిన సూఫీ పెద్ద ఒకరు ఉన్నారు. తరువాత నిజాం ప్రభుత్వ కార్యాలయాల్లోని ఉద్యోగులు తమలో తాము నెలకింతని వేసుకుని సహకార సంఘాలు నడిపారు. హమీదుల్లాహ్ గారు వీటి తీరుతెన్నుల్ని శ్రద్ధగా గమనించారు. హైదరాబాద్ అనుభవం పోకూడదని 1955లో జర్మనీ పండితుల పత్రిక ‘డీ వెల్ట్ దెస్ ఇస్లామ్స్’లో వ్యాసం రాశారు. అప్పటికి హైదరాబాద్ రాజ్యం లేదు. ఆయన హైదరాబాద్‌లో లేరు.

అలాంటి సంఘం ఎలా నడుస్తుందో తెలియనివారి కోసం ఒక చిన్న లెక్క చెబుతాం. వందమంది సభ్యులు నెలకు పది రూపాయల చొప్పున వేస్తే నెలకు 1,000, ఏడాదికి 12,000 అవుతుంది. ఆ 12,000 పది కిస్తీల మీద అప్పులుగా వెళ్ళిందనుకోండి. ప్రతి నెలా 1,200 వాపసు వస్తుంది, కొత్తగా 1,000 చేరుతుంది. అంటే రెండో ఏడాది మొదట్లోనే నెలకు 2,200 రూపాయలు కొత్త అప్పులకు సిద్ధం. డబ్బు పిల్లలు పెట్టదు, కానీ తిరుగుతుంది. పుస్తకం, కాగితం ఖర్చుకు దరఖాస్తు రుసుము చాలు. సంఘం ప్రాణమంతా ఆ 1,200లోనే ఉంది. అది 600 అయిందంటే సంఘానికి జబ్బు చేసినట్లే.

ఈ జబ్బు మాకు బాగా తెలుసు. దాదాపు పాతికేళ్ళ కిందట కరీంనగర్ జిల్లాలోనే ఒక మస్జిదులో కొంతమంది కలిసి ఇలాంటి నిధి పెట్టారు. లెక్కల పుస్తకం మా చేతికిచ్చారు. మొదటి ఏడాది చక్కగా నడిచింది. తరువాత తెలిసినవాడు కదా అని జమానతు లేకుండా ఒకరికి ఇచ్చాం, బంధువు కదా అని మరొకరికి ఇచ్చాం. బయటి వడ్డీ అప్పుకు ప్రతి వారం భయపడి కట్టేవారు, మన కిస్తీ మాత్రం వచ్చే నెల చూద్దామనుకున్నారు. వడ్డీ లేదు గనుక తొందర లేదనుకున్నారు. అడగడానికి మాకు మొహమాటం. మూడో ఏడు రంజాన్ నాటికి పుస్తకంలో బాకీలు తప్ప పెట్టెలో రూపాయి లేదు. బీడీలు చుట్టి నెలనెలా పది రూపాయలు వేసిన ఒక ముసలమ్మ తన సొమ్ము అడగడానికి వస్తే మేము తలెత్తి చూడలేకపోయాం. ఆమెకు మా జేబులోంచి ఇచ్చాం, అందరికీ ఇవ్వలేకపోయాం. హైదరాబాద్ సంఘాల గురించి హమీదుల్లాహ్ గారు రాసింది మేము ఆ తర్వాత చదివాం. ముందే చదివి ఉండాల్సింది.

మళ్ళీ ఆయన జీవితానికి వద్దాం. 1948లో హైదరాబాద్ వ్యవహారం ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ముందుకు వెళ్ళింది. నిజాం ప్రభుత్వం పంపిన ప్రతినిధి బృందంలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం తెలిసిన హమీదుల్లాహ్ గారు కూడా ఉన్నారు. ఆ సెప్టెంబరులోనే పోలీసు చర్య జరిగింది, హైదరాబాద్ భారతదేశంలో కలిసిపోయింది. ఆయన పారిస్‌లోనే ఉండిపోయారు. ఆ రోజుల గురించి మన ఇళ్ళలో పెద్దలు ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెప్పుకుంటారు. ఆ తగవులోకి మేము వెళ్ళం. రాజ్యాల మధ్య చట్టం బోధించిన మనిషికే ఏ రాజ్యమూ లేకుండా పోయింది. శరణార్థి పత్రాలతోనే దశాబ్దాల పాటు ఫ్రాన్సులో జీవించారు. ఫ్రెంచి పౌరసత్వం తీసుకోలేదు.

పాకిస్తాన్ ఏర్పడిన కొత్తలో రాజ్యాంగ రచనలో ఇస్లామీయ అంశాలపై సలహాలిచ్చే మండలిలో కొంతకాలం పనిచేశారు. అక్కడ స్థిరపడకుండా మళ్ళీ పారిస్ చేరారు. 1954 నుంచి 1978 వరకు ఫ్రాన్సు జాతీయ పరిశోధనా సంస్థలో పరిశోధకులుగా ఉన్నారు. మరోవైపు ఏటా కొన్ని నెలలు తుర్కీ వెళ్ళి ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. చిన్న ఇల్లు, పుస్తకాలు, గ్రంథాలయాలు, ఇదే సంసారం.

ఆ ఇంటి నుంచి వెలువడిన పనిని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. హజ్రత్ అబూ హురైరా (రజి) శిష్యులు హమ్మాం బిన్ మునబ్బిహ్ రాసి ఉంచిన హదీసుల సహీఫాను బెర్లిన్, దమాస్కస్ గ్రంథాలయాల్లోని రాతప్రతుల నుంచి పరిష్కరించి 1953లో అచ్చుకిచ్చారు. హదీసులు రెండు మూడు వందల ఏళ్ళ దాకా రాతలో లేవన్నవారికి అది గట్టి జవాబు. 1959లో దివ్య ఖుర్ఆన్ ఫ్రెంచి అనువాదం, అదే ఏడాది దైవప్రవక్త (స) జీవితంపై రెండు సంపుటాల ఫ్రెంచి గ్రంథం వెలువడ్డాయి. ఉర్దూ, అరబీ, ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ భాషల్లో రాశారు. ఆయనకు మొత్తం 22 భాషలు వచ్చని చెప్పుకుంటారు. అన్ని కాకపోయినా, అయిదు భాషల్లో పుస్తకం రాయడమే మనబోటివాళ్ళకు ఊహకందని సంగతి.

డబ్బు ప్రశ్న ఆయనను పారిస్‌లో కూడా వదలలేదు. 1955లోనే వడ్డీ లేని ఇస్లామీయ ద్రవ్యనిధి ఒకటి ఉండాలని ఒక ఇంగ్లీషు పత్రికలో ప్రతిపాదించారు. సంఘంలోని సభ్యుల్లా రాజ్యాలు కూడా వాటాలు వేసుకుని, అవసరంలో ఉన్న రాజ్యానికి వడ్డీ లేని అప్పు ఇవ్వాలన్నది ఆ ఆలోచన. నగరంలో గుమాస్తాలు చేసుకున్న ఏర్పాటును రాజ్యాల స్థాయికి తీసుకెళ్ళారు. ఆ నిధి ఏర్పడలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1975లో జిద్దాలో ఇస్లామీయ అభివృద్ధి బ్యాంకు పని మొదలుపెట్టింది. దాని దారి కొంత వేరు. తర్వాత వచ్చిన ఇస్లామీ బ్యాంకులు కూడా ఎక్కువగా సరుకు కొని లాభం కలిపి వాయిదాల మీద అమ్మే పద్ధతిలో నడిచాయి. వ్యాపారానికి అది పనికొస్తుంది. ఆసుపత్రి మంచం పక్కన నిలబడిన వాడికి కావలసిన ఖర్జె హసనా మాత్రం అనాథలాగే మిగిలిపోయిందని మా అభిప్రాయం. మన దేశంలో వడ్డీ లేని బ్యాంకింగ్ గురించి 2008లో రఘురాం రాజన్ కమిటీ సిఫారసు చేసింది. చర్చలు నడిచాయి. చివరకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్ళడం లేదని 2017లో రిజర్వు బ్యాంకు తెలిపింది. కాబట్టి మనకు మిగిలింది హమీదుల్లాహ్ గారు హైదరాబాద్‌లో చూసిన ఆ సహకార సంఘాల దారే.

1980 మార్చిలో బహావల్‌పూర్ ఇస్లామియా విశ్వవిద్యాలయం పిలిస్తే వెళ్ళి ఉర్దూలో 12 ప్రసంగాలు చేశారు. రాసుకొచ్చి చదవలేదు, ఆశువుగా చెప్పారు. సభలో అడిగిన ప్రశ్నలకు ఓపికగా జవాబులిచ్చారు. మాకు మదర్సాలో దొరికిన పుస్తకం అదే. 1985లో పాకిస్తాన్ ప్రభుత్వం ఆయనను హిలాలె ఇంతియాజ్‌తో గౌరవించింది. వచ్చిన బహుమతి సొమ్మును ఇస్లామాబాద్‌లోని ఇస్లామీ పరిశోధనా సంస్థకు ఇచ్చేశారు. ఆ సంస్థ గ్రంథాలయానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

ఎనభై దాటిన వయసులో ఆయన నుంచి వెలువడిన పెద్ద పని, చిన్ననాడు హైదరాబాద్‌లో అచ్చయిన ఆ సరఖ్సీ వ్యాఖ్యానమే. దాన్ని ఫ్రెంచిలోకి అనువదించారు. 1989 నుంచి 1991 మధ్య అది తుర్కీలోని అంకారాలో నాలుగు సంపుటాలుగా వెలువడింది. ఆరోగ్యం దెబ్బతినడంతో 1996లో ఆయన అన్నగారి కుటుంబంవారు అమెరికా తీసుకెళ్ళారు. 2002 డిసెంబరు 17న ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్‌లో కన్నుమూశారు. ఖననం కూడా అక్కడే జరిగింది. అల్లాహ్ ఆయనను కరుణించుగాక.

‘ఖుత్బాతె బహావల్‌పూర్’ ఉర్దూ పుస్తకాల దుకాణాల్లో దొరుకుతుంది. ఉర్దూ చదవలేని పిల్లలకు దాని ఇంగ్లీషు అనువాదం కూడా ఉంది. పన్నెండింటిలో ఒక ప్రసంగం దైవప్రవక్త (స) కాలపు ఆర్థిక వ్యవస్థ గురించే. మస్జిదులో నిధి పెట్టాలనుకునే కమిటీలు ముందు ఆ ప్రసంగం చదివి, తర్వాత ఒక గట్టి లెక్కల పుస్తకం, ఇద్దరు జామీనుదారుల సంతకాలకు చోటున్న దరఖాస్తు ఫారాలు అచ్చు వేయించుకోవాలని మా మనవి. మా పాత పుస్తకం ఇంకా మా దగ్గరే ఉంది. చూడదలచినవారు వచ్చి చూడవచ్చు. ఎక్కడెక్కడ తప్పామో ఎర్రసిరాతో గుర్తుపెట్టి ఉంచాం.